చదివిందేమిటో తెలుగుల చెప్పు బిడ్డా

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)



ప్రతి ఏడు ఈ సభల నూలు ధర గురించి, మార్కెట్ గురించి, పింఛన్ల గురించి మాట్లాడుకుంటం. ఈసారి అధ్యక్షులవారు పిల్లల ఇంగ్లీషు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు. నేను చదివింది ఎనిమిదో తరగతి. మా కాలంల మహారాష్ట్ర బడులల్ల ఇంగ్లీషు ఐదో తరగతిల మొదలయ్యేది. అంటే నా ఇంగ్లీషు చదువు మొత్తం కలిపి నాలుగేండ్లు. కానీ సంఘం కార్యదర్శి కుర్చీల కూర్చున్నంక నా ముందుకు వచ్చే కాగితాలల్ల సగం ఇంగ్లీషువే. నూలు బిల్లు, ఆర్డరు, బ్యాంకు పత్రం, జీఎస్టీ నోటీసు, ట్రాన్స్‌పోర్టు రసీదు, అన్నీ ఆ భాషలనే వస్తయి. కాబట్టి నేను చెప్పేది మాస్తరు చెప్పే పాఠం కాదు. కాగితం చదివి సంతకం పెట్టే మనిషి చెప్పే మాట అనుకోండి.

ముందుగాల్ల మన పేటల జరిగిన ఒక సంగతి చెప్త. పేర్లు అక్కర లేదు. ఒక కార్ఖానాదారుకు బయటి ఊరి వ్యాపారి దగ్గర నుంచి 1200 టవల్ల ఆర్డరు వచ్చింది. కాగితం ఇంగ్లీషుల ఉన్నది. ఆయనకు ఇంగ్లీషు రాదు. కొడుకు ఇంగ్లీషు మీడియంల తొమ్మిదో తరగతి. పిలగాడు కాగితం మొత్తం గడగడ చదివిండు. ఎక్కడా తడబడలేదు. తండ్రికి సంతోషమైంది. "బరువెంతని ఉన్నది?" అని అడిగిండు. "400 గ్రాములు" అన్నడు కొడుకు. ఆ లెక్క మీదనే నేసిండ్రు. మన పనిల ఒకటి 405 వస్తది, ఇంకొకటి 392 వస్తది, అది మామూలే. సరుకు పోయినంక 300 టవల్లు వెనకకు వచ్చినయి. కాగితంల ఉన్న మాట "నాట్ లెస్ దాన్ 400 గ్రామ్స్". అంటే 400కు ఒక్క గ్రాము కూడా తగ్గొద్దు. పిలగాడు 400 చదివిండు, గ్రాములు చదివిండు. ఆ ముందు ఉన్న మూడు చిన్న మాటలు కూడా నోటితో పలికిండు. కానీ అవి మనసుల దిగలేదు.

ఇందుల ఆ పిలగాని తప్పేం లేదు. తొమ్మిదేండ్లు వాణ్ణి "చదువు" అన్నోళ్ళే గాని, "చదివిందేమిటో చెప్పు" అన్నోళ్ళు లేరు. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇంగ్లీషు పలకడం వేరు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం వేరు. ఆ రెండోది వచ్చిందో లేదో కనిపెట్టడానికి ఇంట్ల ఇంగ్లీషు వచ్చినోళ్ళు ఉండాల్సిన పని లేదు.

మన పిల్లలే ఇట్ల అని అనుకోకండి. ప్రథమ్ అనే సంస్థ దేశమంతా పల్లెలల్ల ఇండ్లకు పోయి పిల్లల చదువు పరీక్షిస్తది, దాన్ని అసర్ నివేదిక అంటరు. 2022 నివేదిక ప్రకారం ఐదో తరగతి పిల్లలల్ల చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినోళ్ళు నూటికి 25 మంది కూడా లేరు. ఎనిమిదో తరగతిల సగానికి కొంచెం తక్కువ. ఆ పరీక్షల ఒక మంచి పద్ధతి ఉన్నది. పిల్లవాడు వాక్యం చదివినంక, దాని అర్థమేందో నీ భాషల చెప్పు అని విడిగా అడుగుతరు. చదవడం ఒక లెక్క, అర్థం ఇంకొక లెక్క. మన ఇండ్లల్ల మాత్రం రెండిటినీ ఒకటే లెక్కల వేసి ఫీజులు కడుతున్నం.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. మన తాతలు పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, ఓరుగల్లు దిక్కుల నుంచి ఈ ఊరికి వచ్చిండ్రు. 1877ల జూనీ మిల్లు మొదలైంది, తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ మిల్లులు వచ్చినయి. మిల్లుల పని, మగ్గం పని, ఇంట్ల ఆడవాళ్ళకు బీడీల పని. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, బజార్ల హిందీ. మన పిల్లవాడు ఆరేండ్లు వచ్చేసరికే మూడు భాషలు మాట్లాడుతడు. ఇవన్నీ వానికి ఎవరూ ట్యూషన్ పెట్టి చెప్పలేదు. అవ్వ తెలుగుల తిడితే తెలుగు వచ్చింది, దోస్తుతోని గోలీలాడితే మరాఠీ వచ్చింది. కాబట్టి "మా పిల్లలకు భాషలు రావు" అనే మాట మన నోట రావద్దు. నాలుగో భాషకు దారి మనకు ముందే సగం పడి ఉన్నది. కాకపోతే ఇంగ్లీషు మన వీధిల వినపడదు, కాగితం మీద కనపడుతది. అందుకే దానికి దారి కంటి నుంచి పోవాలె, అంటే చదువు నుంచి.

ఇది నా సొంత తెలివి కాదు. మైకేల్ వెస్ట్ అని ఒక ఇంగ్లీషు ఆయన ఉండెను. బ్రిటిష్ కాలంల ఢాకాల మాస్తర్లకు శిక్షణ ఇచ్చే కాలేజీల పని చేసిండు. బెంగాలీ పిల్లల చదువు చూసి 1926ల ఒక పుస్తకం రాసిండు. ఈ దేశపు పిల్లలల్ల చానామంది బడి నడుమల్నే వదిలేస్తరు, వాళ్ళకు జీవితాంతం పనికొచ్చేది ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే శక్తి, అది మాట్లాడటం కన్నా తొందరగా కూడా వస్తది, కాబట్టి ముందు చదవడం నేర్పండి అన్నది ఆయన వాదన. ఆ తర్వాత 1953ల ఎక్కువగా వాడే ఇంగ్లీషు మాటల పట్టిక ఒకటి ఆయన పేరు మీద అచ్చయింది. అందుల ఉన్నయి సుమారు 2000 మూల మాటలు. మామూలు ఇంగ్లీషు కాగితం ఏది తీసినా నూరు మాటలల్ల దగ్గర దగ్గర 80 ఆ పట్టికలయే ఉంటయి. డిక్షనరీల లక్ష మాటలు ఉంటే ఉండనీ. మనకు ముందుగా కావలసింది ఈ రెండు వేలు.

రెండు వేలు అంటే భయపడొద్దు. అందుల కొన్ని, మన వృత్తి మాటలు ఇంకొన్ని, ముందే మన నోట్ల ఉన్నయి. మగ్గం ఇంట్ల పొద్దున లేస్తే ఏమేం మాటలు వాడుతం? బీం, బాబిన్, షటిల్, డాబీ, జకార్డ్, కోను, కౌంటు, డిజైను, కలరు, షేడు, లాటు, పీసు, బండిల్, మీటరు, రేటు, ఆర్డరు, బిల్లు, అడ్వాన్సు, బ్యాలెన్సు, లోడు, పార్సిలు. చదువుకోని అవ్వ కూడా "ఈ లాటుల షేడు తేడా ఉన్నది" అంటది. అవి ఇంగ్లీషు మాటలని ఆమెకు తెలువకపోవచ్చు, అర్థం మాత్రం ఇంగ్లీషు మాస్తరు కన్నా ఆమెకే బాగా తెలుసు. మన దగ్గర మాట ఉన్నది, అర్థం ఉన్నది, అక్షరం ఒక్కటే లేదు. బడిపిల్లల కష్టం దీనికి తిరగబడి ఉంటది. వాళ్ళ దగ్గర అక్షరం ఉన్నది, అర్థం లేదు. ఈ ఇద్దరిని ఒక్కచోట కూర్చోబెడితే పని అయితది.

అందుకే నా మొదటి సలహా. పిల్లలకు ఇంగ్లీషు చదువు నూలు బండిల్ మీది చీటీతోని మొదలుపెట్టండి. ఆ చీటీ మీద 20 అనో, 2/20 అనో రాసి ఉంటది. పక్కన కౌంటు అని ఉంటది. పిల్లవాడు బడిల కౌంట్ అంటే లెక్కపెట్టు అని నేర్చుకుంటడు. ఇక్కడ లెక్కపెట్టేది ఏంది? ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగుతయో ఆ లెక్క. 20 చిలపలు తూగితే 20 కౌంటు. నంబరు పెరిగినకొద్ది నూలు సన్నం. 2/20 అంటే 20 నంబరు పోగులు రెండు కలిపి పేనినది. ఇది తండ్రి చెప్పగలడు. అక్షరాలు కొడుకు చెప్పగలడు. నెట్ వెయిట్ అంటే అట్ట, సంచి తీసేసినంక ఉన్న అసలు బరువు, గ్రాస్ వెయిట్ అంటే అన్నీ కలిపిన బరువు. ఆ ఒక్క చీటీల పది మాటలు దొరుకుతయి. ఆ పది మాటలు పిల్లవాడు మరిచిపోడు, ఎందుకంటే అవి రోజూ కండ్ల ముందట ఉంటయి.

అట్లనే మన టవలు మీద కుట్టే చీటీ. "వాష్ సెపరేట్లీ", "డు నాట్ బ్లీచ్", "ఫాస్ట్ కలర్". మన అక్కచెల్లెళ్ళు వేల చీటీలు కుట్టి ఉంటరు. ఒక్కసారి పిల్లను పిలిచి, "ఇందుల ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడగండి. విడిగా ఉతకాలె, బ్లీచింగ్ వేయొద్దు, రంగు పక్కా. ఈ ఫాస్ట్ అనే మాట దగ్గర కొంచెం ఆగండి. బడిల ఫాస్ట్ అంటే తొందర అని నేర్పుతరు. ఫాస్ట్ కలర్ అంటే తొందరగా పోయే రంగు అని పిల్లవాడు చెప్తే వ్యాపారం మునిగినట్టే. ఇక్కడ ఫాస్ట్ అంటే గట్టిగా పట్టి ఉండేది, పోనిది. ఫాస్టింగ్ అంటే మళ్ళీ ఉపవాసం. ఇంటరెస్ట్ అంటే కథల ఆసక్తి, బ్యాంకు కాగితంల వడ్డీ. బ్యాలెన్స్ అంటే సైకిల్ మీద తూకం, బిల్లుల మిగిలిన బాకీ. పిక్ అంటే బడిల ఏరుకో అని, మగ్గం మీద ఒక పేక పోగు. మాటకు అర్థం ఒంటరిగా ఉండదు, పక్కన ఉన్న మాటలను చూస్తే తెలుస్తది. మనం కొత్త మనిషి ఎవరో తెలుసుకోవాలంటే ఎవరి ఇంట్ల దిగిండో అడుగుతం కదా, ఇదీ అట్లనే.

కాబట్టి పిల్లలు మాటలు రాసుకునే పద్ధతి మార్చాలె. ఒక వైపు ఇంగ్లీషు మాట, ఒక వైపు అర్థం రాసి, యాభై మాటలు బట్టీ పట్టి, పరీక్ష కాంగనే మరిచిపోవడం మన పిల్లలకు అలవాటైంది. దాని బదులు ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. రోజుకు ఐదు మాటలే. ప్రతి మాటకు మూడు సంగతులు రాయాలె. ఆ మాట ఏ వాక్యంల దొరికిందో ఆ వాక్యం పూర్తిగా. దాని అర్థం తెలుగులనో మరాఠీలనో, ఏది సులువైతే అది. ఆ మాటతోని తన ఇంటి గురించి తానే కట్టిన ఒక వాక్యం. మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి వెనక పేజీలు తిప్పి, అర్థం మీద చెయ్యి పెట్టి, గుర్తుందో లేదో చూసుకోవాలె. పండుగలు, జ్వరాలు, సెలవులు తీసేసి ఏడాదికి 300 రోజులు అనుకున్నా 1500 మాటలు అయితయి. రెండేండ్లల్ల మైకేల్ వెస్ట్ చెప్పిన లెక్క దాటిపోతరు.

ఇంకొక సులువు కూడా ఉన్నది. ఇంగ్లీషుల మాటలకు కుటుంబాలు ఉంటయి. వీవ్ అంటే నేయడం, వీవర్ అంటే నేసేవాడు, వోవెన్ అంటే నేసినది. డై అంటే రంగు వేయడం, డయ్యర్ అంటే రంగు వేసేవాడు. ముందట అన్ అని చేరితే చానాసార్లు కాదు, లేదు అని అర్థం. పెయిడ్ అంటే కట్టింది, అన్‌పెయిడ్ అంటే కట్టనిది. రీ అని చేరితే మళ్ళీ అని. ఇంటి పెద్దను గుర్తుపడితే పిల్లలను గుర్తుపట్టడం కష్టం కాదు. ఒక్క మాట నేర్చుకుంటే నాలుగు మాటలు ఊరికే వస్తయి.

ఇప్పుడు చిన్న మాటల సంగతి. టవల్ల ఆర్డరుల దెబ్బ కొట్టినవి పెద్ద మాటలు కావు. పెద్ద మాట తెలువకపోతే మనకు తెలువదని తెలుస్తది, ఎవరినో అడుగుతం. చిన్న మాట తెలిసినట్టే ఉంటది, కానీ మోసం చేస్తది. నాట్ లెస్ దాన్ అంటే అంతకు తగ్గొద్దు. నాట్ మోర్ దాన్ అంటే అంతకు మించొద్దు. అబౌట్ అంటే సుమారు. అన్‌లెస్ అంటే అట్ల కాకపోతే. అంటిల్ అంటే అప్పటిదాక. ఎక్సెప్ట్ అంటే అది తప్ప. విత్ ఇన్ అంటే లోపల. ఆన్ ఆర్ బిఫోర్ అంటే ఆ తారీఖున గాని అంతకు ముందు గాని. "పేమెంట్ విత్ ఇన్ 30 డేస్ ఫ్రమ్ ద డేట్ ఆఫ్ డిస్పాచ్" అని ఉంటే, మనం సరుకు పంపిన రోజు నుంచి లెక్క. డిస్పాచ్ ఉన్న చోట రిసీట్ అని ఉంటే, సరుకు వాళ్ళకు ముట్టిన రోజు నుంచి లెక్క. ఒక్క మాట తేడాతోని మన డబ్బు పది పదిహేను రోజులు వెనకకు జరుగుతది. ఆ పది రోజులు నేతగాళ్ళ కూలి ఎవరియ్యాలె? అందుకే ఈ చిన్న మాటలు ఒక ఇరవై ముప్పై అట్ట మీద రాసి, గోడకు తగిలించుకున్నా తప్పు లేదు.

ఇక అసలు సంగతికి వస్త. తల్లిదండ్రులు నన్ను అడుగుతరు. "అన్నా, మాకు ఇంగ్లీషు రాదు, పిల్లలు చదివింది కరెక్టో కాదో మాకెట్ల తెలుస్తది?" దీనికి జవాబు సులువు. పిల్లలు ఇంగ్లీషుల చదివినంక, పుస్తకం మూసి, తెలుగుల చెప్పమనండి. తెలుగుల చెప్పగలిగితే అర్థమైనట్టు. నీళ్ళు నమిలితే అర్థం కానట్టు. ఇంతకన్నా మంచి పరీక్ష ఏ కాన్వెంట్ల లేదు. ఈ పరీక్ష పెట్టడానికి తల్లికి ఇంగ్లీషు రావాల్సిన అవసరం లేదు, తెలుగు వస్తే చాలు.

ఏం అడగాలె? మనం రోజూ వ్యాపారంల అడిగే ఐదు ప్రశ్నలే. ఎవరు? ఏమి? ఎంత? ఎప్పటిలోగా? అట్ల కాకపోతే ఏమైతది? బడి పాఠమైనా, బ్యాంకు కాగితమైనా, మందు చీటీ అయినా ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికితే కాగితం సగానికి పైగా అర్థమైనట్టే.

ఒక ఉదాహరణ చెప్త. బీడీలు చుట్టుకుంట కూర్చున్న అవ్వ, పక్కన ఏడో తరగతి బిడ్డ. చేతిల మందుల చీటీ. బిడ్డ చదివింది: "టేక్ వన్ టాబ్లెట్ ట్వైస్ ఎ డే ఆఫ్టర్ ఫుడ్ ఫర్ ఫైవ్ డేస్."

"అంటే ఏందే?"

"మాత్ర వేసుకోవాలె అవ్వా."

"ఎన్ని?"

"ఒకటి."

"రోజుకు ఒక్కటేనా?"

బిడ్డ మళ్ళా చూసింది. "కాదవ్వా, ట్వైస్ అని ఉన్నది. రెండుసార్లు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి."

"తినకముందా, తిన్నంకనా?"

"తిన్నంక."

"ఎన్ని రోజులు?"

"ఐదు రోజులు."

"అయితే మొత్తం ఎన్ని కొనాలె?"

"పది."

చూసిండ్రా? ఆ తల్లి బడి మొఖం చూడలేదు. కానీ ట్వైస్ అనే మాట బిడ్డకు నేర్పింది ఆమెనే. ఆమె అడగకపోతే బిడ్డ ఆ మాట మీద నుంచి దూకి పోయేది. బిడ్డకు ఇక ట్వైస్ అనే మాట జన్మల మరువదు. రోజుకు పది నిమిషాలు ఇట్ల అడిగితే చాలు. చెయ్యి పని మీద ఉన్నా నోరు ఖాళీనే కదా.

బడి పిల్లలకు కూడా ఇది పనికొస్తది. పదో తరగతి ఇంగ్లీషు పరీక్షల ఒక పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడుగుతరు. పుస్తకంల లేని పేరా కూడా ఇస్తరు, దాన్నే అన్‌సీన్ పాసేజ్ అంటరు. మన పిల్లలల్ల చానామంది ఏం చేస్తరంటే, ప్రశ్నల ఉన్న మాట పేరాల ఎక్కడ ఉన్నదో వెతికి, ఆ లైను ఎత్తి రాస్తరు. ప్రశ్నల మార్కెట్ అని ఉంటే, పేరాల మార్కెట్ ఉన్న లైను రాసేస్తరు. ఒక్కోసారి మార్కు వస్తది. "ఎందుకు?" అని అడిగిన ప్రశ్నకు మాత్రం దొరికిపోతరు. దానికి మందు ఒకటే. ముందు ప్రశ్నలు చదువు. తర్వాత పేరా మొత్తం ఆగకుండ ఒకసారి చదువు, తెలువని మాట వస్తే పెన్సిలుతోని గీత గీసి ముందుకు పో. సంగతేందో నీ మనసుల తెలుగులనో మరాఠీలనో ఒక్క వాక్యంల చెప్పుకో. అప్పుడు రెండోసారి మెల్లగ చదివి జవాబు వెతుకు.

తెలువని ప్రతి మాటకు డిక్షనరీ తీస్తే చదువు ముందుకు సాగదు, సంగతి చేజారుతది. అట్లని పేరాల సగం మాటలు తెలువకపోతే ఊహతోని కూడా పని కాదు. భాష నేర్పేవాళ్ళు పరిశోధించి చెప్పేదేమంటే, నూటికి 95 నుంచి 98 మాటలు తెలిసి ఉన్నప్పుడే మిగిలినవాటి అర్థం సందర్భం చూసి పట్టుకోవచ్చునట. అంటే పిల్లవాడు ఎనిమిదిల ఉన్నా సరే, ఎనిమిది పుస్తకం కష్టమైతే నాలుగో తరగతి పుస్తకం చదవనీయండి. సిగ్గుపడొద్దు. బాలభారతి పుస్తకాలు ఫోనుల ఉచితంగ దొరుకుతయి. సులువుగ అర్థమయ్యే పుస్తకాలు పది చదివినోడు, కష్టమైన పుస్తకం ఒకటి బట్టీ పట్టినోని కన్నా ముందట ఉంటడు.

"మా పిలగాడు మరాఠీ మీడియం, వెనకబడతడేమో" అని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. 2000 సంవత్సరం నుంచి మహారాష్ట్రల మరాఠీ బడులల్ల కూడా ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు చెప్తున్నరు. మీడియం ఏదైనా పిల్లవానికి పదేండ్లు ఇంగ్లీషు పుస్తకం చేతిల ఉంటది. ఇంట్ల అడిగేవాళ్ళు ఉన్నరా లేదా అన్నదే తేడా. బీడీల మీద, మగ్గం మీద వచ్చిన పైసలు ఫీజులకు పోసి, "ఏం చదివినవ్?" అని ఒక్క రోజు అడగకపోతే ఆ ఫీజు దండుగ.

ఇప్పుడు ఫోనుల ఇంగ్లీషు కాగితానికి ఫొటో పెడితే తెలుగుల చెప్పేస్తుంది కదా, ఇంక నేర్చుకోవడం ఎందుకని పిల్లలు అడుగుతరు. వాడుకోండి, నేను కూడా వాడుత. సంగతేందో మోటుగ తెలుసుకోవడానికి అది మంచిదే. కానీ మన వృత్తి మాటలకు అది ఒక్కోసారి విచిత్రమైన అర్థాలు చెప్తది. సంతకం పెట్టే కాగితం, డబ్బు కట్టే కాగితం, మందు కాగితం, ఈ మూడు మాత్రం ఫోను చెప్పినంక కూడా మనిషి కండ్లతోని ఇంకొకసారి చదవాలె. ముఖ్యంగ అంకెలు, తారీఖులు, నాట్ అనే మాట. నాట్ ఉన్నదో లేదో చూసుకున్నంకనే సంతకం.

భాష నేర్చుకోవడానికి వయసు దాటిపోయిందని అనుకునేవాళ్ళకు మన ఊరి మనిషినే చూపిస్త. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1910ల మన సోలాపూర్ల పుట్టిండు. ఆయన స్మారకం మన ఊర్లనే ఉన్నది. 1938ల ఐదుగురు డాక్టర్ల బృందంల చైనాకు పోయిండు. అప్పుడు ఆయనకు చైనా భాష రాదు. యుద్ధం నడుమ, గాయపడిన సైనికులకు ఆపరేషన్లు చేసుకుంటనే ఆ భాష నేర్చుకున్నడు. ఆ భాషలనే రోగులతోని మాట్లాడి, వైద్యం నేర్చుకునే పిల్లలకు పాఠాలు చెప్పిండు. 1942ల అక్కడనే చనిపోయిండు, అప్పటికి 32 ఏండ్లు. ఆ భాష అక్షరాల ముందట ఇంగ్లీషు 26 అక్షరాలు ఏ పాటి?

మన తెలుగు వైపు చూస్తే సి.పి. బ్రౌన్ దొర ఉన్నడు. 1817ల మద్రాసుకు వచ్చి, 1820ల కడపకు పోయిండు. ఉద్యోగం కోసం తెలుగు మొదలుపెట్టి, తర్వాత వేమన పద్యాలు పట్టుకున్నడు. అర్థం కాని చోట పండితులను కూర్చోబెట్టుకొని, తన సొంత జీతం ఇచ్చి అడిగి తెలుసుకున్నడు. 1829ల వేమన పద్యాలు ఇంగ్లీషు అర్థంతోని అచ్చు వేయించిండు. చివరికి 1850లల్ల పెద్ద నిఘంటువు తయారైంది, ఈనాటికీ దాన్ని చూస్తరు. ఆయన చేసింది కూడా ఇదే పని. చదవడం, అడగడం, అర్థాన్ని తన భాషల రాసుకోవడం. దొర తన సొంత భాష వదులుకొని తెలుగు నేర్వలేదు, తన భాష మీద నిలబడి నేర్చుకున్నడు.

అందుకే చివరి మాటగ చెప్త. ఇంగ్లీషు కోసమని ఇంట్ల తెలుగు బంద్ పెట్టకండి. కొందరు తల్లిదండ్రులు పిల్లలతోని వచ్చీ రాని ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు. తెలుగు తగ్గితే పిల్లవానికి చదివింది పోసుకునే గిన్నెనే లేకుండ పోతది. "అట్ల కాకపోతే" అనే మాట తెలుగుల బాగా తెలిసిన పిల్లవానికి అన్‌లెస్ ఒక్క నిమిషంల అర్థమైతది. ఏ భాషలనూ ఆ ఆలోచన లేనోనికి అన్‌లెస్ నూరుసార్లు చెప్పినా ఎక్కదు. మన పిల్లలల్ల చానామందికి తెలుగు మాట్లాడటం వస్తది, చదవడం రాదు. ఇంగ్లీషు నోటుబుక్కుల అర్థం రాసేటప్పుడు తెలుగు అక్షరాలల్ల రాయడం నేర్పితే రెండు పనులు ఒకేసారి అయితయి.

మా సంఘం తరఫున ఒక చిన్న పని అనుకున్నం. వారం సెలవు రోజున సాయంత్రం ఒక గంట సంఘం ఆఫీసు తలుపులు పిల్లల కోసం తెరిచి ఉంటయి. ఒక్కో వారం ఒక్కో కాగితం తీస్తం. ఒక వారం నూలు బిల్లు, ఇంకొక వారం బ్యాంకు ఫారం, తర్వాత మందు చీటీ, టవలు చీటీ, రైలు టికెట్టు. పేర్లు, ఖాతా నంబర్లు కొట్టేసిన కాగితాలే పెడతం. కాలేజీ పిల్లలు అక్షరం చెప్తరు, నేతగాళ్ళు అర్థం చెప్తరు, చిన్నపిల్లలు తెలుగుల చెప్తరు. ఫీజు లేదు. మిగతా సంఘాలవాళ్ళు కూడా వాళ్ళ వాళ్ళ పేటలల్ల ఇట్ల మొదలుపెట్టాలని చేతులు జోడించి కోరుతున్న. ప్రతి ఇంట్ల ఒక్క మనిషి, కొడుకైనా సరే, బిడ్డ అయితే ఇంకా మంచిది, ఇంటికొచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని చదివి తెలుగుల చెప్పగలిగే రోజు రావాలె. అప్పుడు 300 టవల్లు వెనకకు రావు, తెలువని కాగితం మీద వేలిముద్ర పడదు.

ఈ సంచికను మీరు ఫోనుల చదువుతున్నరంటే పక్కన పిల్లలు కూడా ఉండే ఉంటరు. ఈ రాత్రే మొదలుపెట్టండి. ఇంట్ల ఏదో ఒక ఇంగ్లీషు చీటీ ఉంటది, సబ్బు డబ్బా అయినా సరే. చేతికిచ్చి చదవమనండి. చదివినంక ఒక్క మాట అడగండి. చదివిందేమిటో తెలుగుల చెప్పు బిడ్డా అని.

 జై మార్కండేయ.